పిన్ని కాచిన సబ్బు

మా పాత పక్క క్వార్టరు పిన్ని గత సోమవారం పోయింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, సైకిలు దిగకుండానే చెప్పారు. పిన్ని వాళ్లు న్యూ సెటిల్‌మెంట్‌లో ఉండేవారు. ట్రాఫిక్ అనే రైల్వే పేటలోని మా ఇంటి నుంచి సైకిలు మీద పావుగంట. ఆ పావుగంట దూరం నేను పదేళ్లుగా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఇప్పుడైనా చెప్పాలి.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఖరగ్‌పూర్‌లో తెలిసిన మనిషి పిన్ని ఒక్కతే. ఆమె భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన చేతుల గ్రీజు బిళ్ల సబ్బుకి లొంగేది కాదని పిన్ని ఇంట్లోనే చిక్కటి నీళ్లసబ్బు కాచేది. అరిగిపోయిన సబ్బు ముక్కలు అందరిళ్లలో అడిగి తెచ్చి, సన్నగా తరిగి, వేడినీళ్లలో నానబెట్టి, బొగ్గుల కుంపటి మీద సన్నసెగన కరిగించి, కుంకుడు రసం కలిపేది. ఒకసారి నేను ఆత్రంగా గరిట తిప్పబోతే చెయ్యి పట్టుకుంది.

"మెల్లగమ్మా. గిలక్కొడితే నురగే మిగుల్తాది."

"ఇదేటి పిన్నీ, నీళ్లలాగే ఉంది?"

"యేడి మీద అలాగే ఉంటాది. సల్లారనీ, అదే సిక్కబడతాది."

మర్నాటికి సీసా బోర్లించినా దిగనంత చిక్కగా అయ్యేది. మా క్వార్టర్ల వరసలో ప్రతి ఇంటికీ ఒక సీసా ఇచ్చేది. బెంగాలీ దీదీ అయితే తనే సీసా పట్టుకుని వచ్చేది.

మా పెద్దపిల్లకి నాలుగేళ్లప్పుడు ఉన్నట్టుండి చేతుల నిండా బొబ్బలు లేచాయి. నాకు ఒళ్లు తెలియలేదు. కుళాయి దగ్గర అందరూ వింటుండగా పిన్ని మీద అరిచాను.

"నీ సబ్బే! నా పిల్ల సేతులు ఎలా కాలిపోయినాయో సూడు!"

పిన్ని బిందె కింద పెట్టింది. "ఏటమ్మా, అలాగంతావు? ఏదీ, పాప సేతులు ఓపాలి సూడనీ."

నేను పిల్లని వెనక్కి లాక్కున్నాను. సాయంత్రానికి సీసాలన్నీ ఒక్కొక్కటే ఆమె వసారా మీదకి తిరిగొచ్చాయి. పిన్ని మళ్లీ సబ్బు కాచలేదు.

నాలుగో రోజున ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద డబ్బా దొరికింది. అందులో పచ్చి జీడిపిక్కలు, రాయితో సగం చితక్కొట్టినవి. క్వార్టర్ల వెనక జీడిమామిడి చెట్టు కింద ఏరుకొచ్చింది మా పిల్ల. జీడి సొన చేతులు కాల్చేస్తుందని జీడితోటలున్న మా వైపు వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బా తీసుకెళ్లి దూరంగా పారేశాను. పిన్నికి చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటూనే ఏడాది గడిచింది. వాళ్లు న్యూ సెటిల్‌మెంట్‌కి మారిపోయారు.

ఆ తర్వాత ఒక్కసారే, పూరీ గేట్ దగ్గర ఎదురైంది. "పాప సేతులు బాగున్నాయేటమ్మా?" అని అడిగింది. "బాగున్నాయి పిన్నీ" అన్నాను. అంతే అన్నాను.

పిన్ని పోయిన మూడో రోజున వాళ్లింటికి వెళ్లాను. బాబాయి వసారాలో ఒక్కరే ఉన్నారు. కూర్చోకుండానే అంతా చెప్పేశాను. ఆయన తల దించుకుని విన్నారు.

"మీ పిన్నికి తెలుసమ్మా. గొడవైన మర్నాడే పాప పిక్కలు కొడుతుంటే సూసినాది. సెప్తే పిల్లకి దెబ్బలు పడతాయని ఊరుకున్నాది."

"నన్నేమీ అన్లేదా బాబాయీ?"

"ఏటంటాది? దానికే తెలుస్తాది, వస్తాదిలే అనీది."

గేటు దాకా వచ్చి సాగనంపారు. షిఫ్టు అయిపోయి వర్క్‌షాపు కూత వేసింది. రోడ్డు నిండా సైకిళ్లు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, పోయే సైకిళ్ల సందుల్లోంచి ఆయన కనిపిస్తూ, మాయమవుతూ, ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.