మైసూరు ఏ దేశంలో ఉందండి

తపాలా ఆఫీసు కౌంటరు వెనక ముప్పై ఏళ్ళకి పైగా కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ నేను ఒకటే మాట చెప్పేవాణ్ణి: "నోటితో చెబితే కాదండి, రాసివ్వండి." నా నోటికీ నా చెవికీ జానెడు దూరం. అయినా ఆ ఒక్క మాట నాకు బట్వాడా కాలేదు.

రిటైరయ్యాక బాపట్లలో ఒక పాత కారు కొన్నాను. కొన్నది మా ఆవిడ కోసం. ఆమెకి ఉబ్బసం. మా తెనాలి చుట్టుపక్కల కోతలై నూర్పిళ్ళు మొదలయ్యాయంటే ఆ ధూళికి ఊపిరాడదు. అందుకని కోతల ముందే మైసూరు వెళ్ళిపోయి, వానలు మొదలయ్యాక తిరిగొద్దామనుకున్నాం. అక్కడ మా మరదలి పెరట్లో రెండు గదులున్నాయి.

బీమాకి కూడా బాపట్లే వెళ్ళాను. అక్కడి ఆఫీసరుకి నలభై ఉంటాయేమో. బండి ఎక్కడ ఉంటుందని అడిగాడు. ఆర్నెల్లు తెనాలిలో, ఆర్నెల్లు మైసూరులో, అక్కడ మరదలి పెరట్లో మాకో చిన్న ఇల్లుందని చెప్పాను. చిన్నకీ ఇల్లుకీ మధ్య నేను జాగ్రత్తగానే ఖాళీ వదిలాను. ఆయన కలిపేశాడు.

"మరదలి పెరట్లో చిన్నిల్లా? ఈ వయసులో సామాన్యులు కాదండి బాబాయిగారూ."

ఆఫీసంతా నవ్వింది. సిగ్గుచేటేమిటంటే నేనూ నవ్వాను. ఆ నవ్వుల్లోనే ఆయన ఫారంలో తెనాలి చిరునామా ఒక్కటే రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను. రెండోది కూడా రాయమంటే మళ్ళీ చిన్నిల్లు ఊసొస్తుందని నోరు మూసుకున్నాను.

మైసూరు నుంచి ఇక బయల్దేరదామనుకుంటున్న వారంలోనే గాలివానకి పెరట్లో పనసకొమ్మ విరిగి కారు మీద పడింది. టాపు నొక్కుకుపోయింది, అద్దం పోయింది. బండిని అక్కడే రిపేరు షెడ్డులో వదిలి రైల్లో వచ్చాం. ఎవరో కాల్చిన బీడీ పొగకి మా ఆవిడ తెనాలి దాకా ఆయాసపడుతూనే ఉంది. ఇంటికొచ్చి, ఇక జన్మలో రైలెక్కనంది. కోతల్లోపు కారు రాకపోతే ఇక్కడే ఉండి దగ్గుతానంది. ఆమె బెదిరించే మనిషి కాదు, అన్నది చేస్తుంది. నాకు అదే భయం.

బాపట్ల వెళితే ఆఫీసరు ఫైలైనా తెరవలేదు. తెనాలి బండికి మైసూరులో పనేంటని అడిగాడు. ముందే చెప్పానుగదా, మీరు నవ్వారు కూడాను అన్నాను.

"నేను నవ్వినట్టు ఎక్కడ రాసుందో చూపించండి బాబాయిగారూ."

వేరే రాష్ట్రంలో పెట్టుకుని దాచారు కాబట్టి క్లెయిము రాదని తేల్చేశాడు. నాలుగుసార్లు తిరిగాను. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా ఒక్కసారీ కూర్చోమనలేదు. ఆ బాబాయిగారు అనే పిలుపులో తేనె పూసిన వెటకారం ఇప్పటికీ నాకు అరగలేదు. క్లెయిమన్నా క్లేశమన్నా ఒకటేనని అప్పుడే తెలిసింది. పాలసీలో పాలు వాళ్ళకి, 'సీ' నాకు.

ఆ ఉక్రోషంలో కళ్ళద్దాలు తుడుచుకుని పాలసీ కాయితం మొదటిసారి చదివాను. కొన్ననాడే చదవాల్సింది. బీమా ఏ ప్రాంతంలో చెల్లుతుందో చెప్పేచోట ఒక్కటే మాట ఉంది: భారతదేశం. వాళ్ళ పైఆఫీసుకి రిజిస్టరు ఉత్తరం రాశాను. మీ బాపట్ల ఆఫీసరుగారి లెక్కన మైసూరు ఈ దేశంలో లేదు, ఏ దేశంలో ఉందో తెలియజేస్తే పాస్‌పోర్టుకి పెట్టుకుంటాం అని. మూడు వారాల్లో షెడ్డుకి వాళ్ళ మనిషొచ్చి దెబ్బలు చూసుకుని వెళ్ళాడు. క్లెయిము మంజూరైంది. బాగైన కారుని నేనే వెళ్ళి తోలుకొచ్చాను. కోతలకి ఇంకా నెలపైనే ఉంది.

ఒక్కటి మిగిలింది. బాగైన బండిని ఆఫీసరు కళ్ళారా చూసి సంతకం పెట్టాలట. తెనాలి వచ్చాడు. లోపం కోసం చుట్టూ రెండుసార్లు తిరిగాడు, దొరకలేదు, పెట్టాడు. ఈలోపు తిరుగు రైలు పోయింది.

"మీరెలాగూ ఖాళీయేగా బాబాయిగారూ, బాపట్లలో దింపండి. భోజనానికి ఇంట్లో ఉండాలి."

దానికేం భాగ్యం, ఎక్కండి అన్నాను. పొన్నూరు మీదుగా పోతే గంటన్నర. నేను కొల్లూరు వైపు తిప్పాను. ఇదేం దారండి అన్నాడు. బండి కొత్తగా బాగైంది, నాలుగూళ్ళు తిప్పి చూడాలిగదండి అన్నాను. కొల్లూరులో అరటిగెలల లారీ పక్కన ఆపి, ఇక్కడ గెల మీద పడితే క్లెయిము వస్తుందాండి అని వినయంగా అడిగాను. వస్తుందన్నాడు. రేపల్లెలో రైలుగేటు దగ్గర అడిగాను. వస్తుందండీ అని దీర్ఘం తీశాడు. అప్పటికే ఆయన భోజనాల వేళ దాటిపోయింది. నగరమనే ఊరి దగ్గర జవాబు మానేసి కళ్ళు మూసుకున్నాడు.

నిద్రపోయాడేమోనని హారన్ కొట్టి, "ఇక్కడండి?" అన్నాను.