ఫైటింగు ఉన్నంతసేపే బువ్వ

“అది వద్దన్న గదనే! అండ్ల మా హీరో సస్తడు.”

“సచ్చేది ఆఖర్లనే. ఫైటింగులు అయిపోంగనే బంద్ చేస్త. నోరు తెరువు.”

“వేరేది పెట్టు.”

“అన్నీ అయిపోయినయి. జర తిను, నీ కాల్మొక్త.”

కొత్తవాడలో జంపఖానాలు నేసిన మా ఆయన, మంచాన పడ్డాక, అభిమాన హీరో కొట్లాడుతుంటేనే ముద్ద మింగేవాడు. పాట వస్తే పెదవులు బిగించేవాడు. ఆ రోజు ఎంతో ఇష్టమైన రైలు ఫైటింగు పెట్టినా నోరు తెరవలేదు. దిక్కుతోచక, ఆయన ఎన్నడూ చివరిదాకా చూడని సినిమానే మనవరాలి ఫోన్‌లో పెట్టాను. హీరో రౌడీలను విసిరేస్తుంటే నాలుగు ముద్దలు తిన్నాడు. తర్వాత ఆపబోతే, నా వేళ్లకు అన్నం అంటి ఉండడంతో ఎంత నొక్కినా ఫోన్ ఆగలేదు. హీరో కూలిపోయాడు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున జావ కూడా ముట్టలేదు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. ముక్కులోంచి గొట్టం వేశారు.