రెండో కుర్చీ నుంచి తొమ్మిదో కుర్చీకి

2013 నవంబరులో నన్ను వెల్లింగ్టన్ పక్కనున్న హట్ లోయలో ఒక చిన్న డయాలసిస్ యూనిట్‌కి చార్జ్ నర్సుగా వేశారు. ప్రతి షిఫ్టులో ఏ నర్సు ఏ రోగిని చూడాలో, ఏ రోగి ఏ కుర్చీలో కూర్చోవాలో నిర్ణయించేది చార్జ్ నర్సే. డాక్టరు వారానికి ఒకసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఏం జరిగినా జవాబు చెప్పుకోవాల్సింది నేను. అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు. గుంటూరులో, గల్ఫ్‌లో, ఇక్కడా కలిపి ముప్ఫై ఏళ్ళ సర్వీసు. కోపిష్టిదాన్నన్న పేరు మూడుచోట్లా వచ్చింది. ఊరికే రాలేదు.

డయాలసిస్ అంటే తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మూత్రపిండాలు పనిచెయ్యని మనిషి వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మెషీన్ పక్కన కూర్చుంటాడు. చేతిలో ఆపరేషన్ చేసి లావుచేసిన రక్తనాళం ఒకటి ఉంటుంది, దాన్ని ఫిస్టులా అంటాం. అందులో రెండు సూదులు గుచ్చుతాం. ఒక సూదిలోంచి రక్తం మెషీన్‌లోకి వెళ్ళి, శుభ్రపడి, రెండో సూదిలోంచి ఒంట్లోకి తిరిగొస్తుంది. నిమిషానికి మూడువందల మిల్లీలీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ రెండో సూది గనక ఊడిపోతే మెషీన్ మాత్రం రక్తాన్ని తోడుతూనే ఉంటుంది, తిరిగి ఒంట్లోకి మాత్రం పోదు. నేలమీదికి పోతుంది. మెషీన్‌కి అలారం ఉంది కానీ ప్రతిసారీ మోగుతుందన్న నమ్మకం లేదు. ఆ సంగతి శిక్షణలో మొదటిరోజే చెబుతారు. అందుకే మా వృత్తిలో ఒక నియమం ఉంది, ఎంత చలేసినా ఫిస్టులా చేతిమీద దుప్పటి కప్పకూడదు. ఆ చెయ్యి ఎప్పుడూ నర్సు కంటికి కనిపిస్తూ ఉండాలి.

మా యూనిట్‌లో పది కుర్చీలు, ఒకే వరుసలో పొడవాటి గోడవెంట. ఎదురుగా సరిగ్గా మధ్యలో మా డెస్క్. ఎడమ చివర ఒకటో కుర్చీ కెవిన్‌ది. లోయలో లోకల్ రైలు నడిపి రిటైరైనవాడు, ఇక్కడే పుట్టిన కివీ. కుర్రతనంలో క్లబ్బుకి సాఫ్ట్‌బాల్ ఆడినవాడు, ఆ అలవాటుతో అమెరికా బేస్‌బాల్ పిచ్చి పట్టించుకున్నాడు. అతనిది బోస్టన్ జట్టు. పక్కన రెండో కుర్చీ అప్పలసామి గారిది. ఆయన ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన. తాతగారు విజయనగరం వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళారట. ఈయన కొన్నేళ్ళు అమెరికన్ సమోవాలో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేశారు. అక్కడ క్యాంటీన్ టీవీలో బేస్‌బాల్ తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఆయనది న్యూయార్క్ జట్టు. ఈ రెండు జట్లకీ తరాలనాటి వైరం ఉందని వాళ్ళిద్దరి వల్లే నాకు తెలిసింది.

అమెరికాలో సీజన్ మార్చి ఆఖర్లో మొదలవుతుంది. కానీ వాదన ఫిబ్రవరిలోనే మొదలైంది. ఎవరి పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, బాగున్నాడు. ఎవరు ముసలాడయ్యాడు, కొత్తగా కొనుక్కున్నవాడు కొడతాడా కొట్టడా. కెవిన్ ఇంటినుంచి కాగితాలు రాసుకొచ్చేవాడు. అప్పలసామి గారికి కాగితం అక్కర్లేదు, అన్నీ నోటికే వచ్చు. కెవిన్ ఏ మాటన్నా ఊరుకుంటారేమో గానీ, న్యూయార్క్ పెద్ద పిచర్ మోచెయ్యి పని అయిపోయిందంటే మాత్రం ఊరుకునేవారు కాదు.

"ఆడి మోచేతికేటమ్మా, నా చెయ్యి కన్నా బాగుంది" అని ఫిస్టులా చెయ్యి నాకు చూపించేవారు. ఒకసారి లెక్క కూడా చెప్పారు. "ఏడాదికి నాకు నూట యాభై ఆరుసార్లు ఈ కుర్చీ. ఆళ్ళకి నూట అరవై రెండు ఆటలు. నా కన్నా ఆళ్ళకే పనెక్కువ."

నవ్వొచ్చింది. అయినా నవ్వలేదు. నాకు యూనిట్‌లో గోల నచ్చదు. పైగా మార్చి మొదటి వారంలో మూడో కుర్చీ టీచరమ్మ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది, ఆ ఇద్దరి అరుపులకు తలనొప్పి వస్తోందని. న్యాయమైన ఫిర్యాదే. ఇద్దర్నీ కూర్చోబెట్టి కాస్త గొంతు తగ్గించుకోమని చెబితే సరిపోయేది. నేను అలా చెయ్యలేదు. కుర్చీల జాబితా తీసి అప్పలసామి గారిని రెండు నుంచి తొమ్మిదికి మార్చేశాను. బేస్‌బాల్ మాట వినిపిస్తే టీవీలు కూడా తీసేయిస్తానని ఇద్దరికీ చెప్పాను.

కెవిన్ భుజాలెగరేసి ఊరుకున్నాడు. అప్పలసామి గారు సంచీ సర్దుకుంటూ, "చెయ్యి కట్టేశావు, నోరు కూడా కట్టేత్తావేటమ్మా" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే.

తొమ్మిదో కుర్చీ దాదాపు కుడి చివర, వెనక తలుపు పక్కన. అంబులెన్స్ వాళ్ళు వచ్చీపోయే తలుపు అది. తెరుచుకున్నప్పుడల్లా, ఇక్కడ చలిని మోసుకొచ్చే దక్షిణపు గాలి నేరుగా ఆ కుర్చీ మీదికి కొడుతుంది. పదో కుర్చీ మెషీన్ రిపేరులో ఉండి ఖాళీగా ఉండేది. ఎనిమిదో కుర్చీ కుర్రాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగు గంటలూ నిద్రపోయేవాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే మార్చాను. యూనిట్ నిశ్శబ్దమైంది. ఆ రెండువారాలూ నాకు హాయిగానే ఉందని ఒప్పుకోవాలి.

సీజన్ మొదలవడానికి ఇంకో వారం ఉందనగా, ఒక గురువారం ఉదయం షిఫ్టు. కుడివైపు కుర్చీలు స్వాతి చూస్తోంది. స్వాతిది కరీంనగర్. ఇక్కడ చదువుకోడానికి వచ్చి నర్సయిన పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. అరగంటకోసారి రౌండ్ తిరగాలి. సూదులు, టేపు, బీపీ చూసి చార్టులో రాయాలి. తొమ్మిదిన్నర రౌండ్ స్వాతి చేసింది. అప్పలసామి గారి చెయ్యి బయటే ఉంది, టేపు గట్టిగానే ఉంది, బీపీ నూట ముప్ఫై. అలాగే రాసింది. తర్వాత ఆరో కుర్చీ మెషీన్ మోగితే అటు వెళ్ళింది. నేను డెస్క్ దగ్గర మందుల ఆర్డరు రాస్తున్నాను.

పది నిమిషాలకు ఒకటో కుర్చీలోంచి కెవిన్ హాలంతా వినపడేలా అరిచాడు. "అప్పలా, మీ పిచర్ మోచెయ్యి పోయిందట. ఈ ఏడు మీది ఆఖరి స్థానమే."

నాకు ఒళ్ళు మండింది. తలెత్తి వేలు చూపించాను. కెవిన్ నన్ను పట్టించుకోకుండా మళ్ళీ అదే అరిచాడు, ఈసారి ఇంకా గట్టిగా. నేను పెన్ను బల్లమీద పడేసి అతనివైపు నడిచాను. తిట్టడానికే నడిచాను. అతని కుర్చీ దాకా వెళ్ళి నోరు తెరిచేలోపు కెవిన్ మెల్లగా అన్నాడు. "రత్నా, అతను జవాబు చెప్పలేదు. ఆ మాటకు అతను జవాబు చెప్పకుండా ఉండడు."

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. హాలు ఆ చివర అప్పలసామి గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు, నిద్రపోతున్నట్టు. దుప్పటి మెడదాకా ఉంది. రెండు చేతులూ లోపలే ఉన్నాయి. మెషీన్ మోగడం లేదు. పచ్చలైటు వెలుగుతోంది.

పరుగెత్తాను. నర్సులు హాల్లో పరుగెత్తకూడదన్న నియమం పెట్టింది నేనే. దుప్పటి లాగితే లోపలి తువ్వాలు, ఆయన చొక్కా, కుర్చీ మెత్త అన్నీ తడిసి ఎర్రగా ఉన్నాయి. రెండో సూది టేపుతో సహా ఊడి పక్కన పడుంది. మెషీన్ తోడి పంపిన రక్తమంతా ఆ మెత్తలోకి ఇంకిపోతోంది. కుర్చీ కింద ఒక్క చుక్క లేదు, అందుకే ఎవరికీ కనపడలేదు.

ఇలాంటప్పుడు చెయ్యాల్సిన పనులకు ఒక వరుస ఉంది. పంపు ఆపాలి, గొట్టాలను నొక్కి మూసే క్లాంపులు వెయ్యాలి, సూది ఊడిన చోట వేలితో గట్టిగా అదమాలి, కుర్చీ వెనక్కి పడుకోబెట్టి కాళ్ళు ఎత్తాలి. నా చేతులు ఆ వరుస తప్పలేదు. స్వాతి వచ్చి మిగిలిన సూదిలోంచి సెలైన్ ఎక్కించింది, ఆక్సిజన్ పెట్టింది. ఇంకొకళ్ళు అంబులెన్స్ కోసం 111కి ఫోన్ చేశారు. బీపీ అరవై రెండు. ఆయన కళ్ళు సగం తెరుచుకునే ఉన్నాయి కానీ చూపు లేదు. "అప్పలసామి గారూ" అని పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. నా వేలికింద నాడి ఉందో లేదో తెలియనంత సన్నగా కొట్టుకుంటోంది. ఈ మనిషి నా చేతిలో పోతాడు, నేనే చంపాను అనుకున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట అనుకున్నది అప్పుడొక్కసారే.

సెలైన్ రెండో సీసా సగమయ్యేసరికి బీపీ ఎనభై దాటింది. పెదవులు కదిలాయి. ఏదో అంటున్నారని వంగాను. "చలేస్తంది" అన్నారు. అంబులెన్స్ వాళ్ళు అదే వెనక తలుపులోంచి వచ్చారు. తలుపు తెరుచుకోగానే గాలి కొట్టింది. ఆ కుర్చీ దగ్గర నిలబడి ఆ గాలి ఎలా ఉంటుందో నేను అంతవరకు చూడలేదు.

ఎనిమిదో కుర్చీ కుర్రాడు అప్పుడు లేచి, ఏమైందని అడిగాడు.

ఆస్పత్రిలో ఆయనకు రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. సాయంత్రానికి ప్రమాదం లేదన్నారు. స్టాఫ్ గదిలో స్వాతి ఏడుస్తూ కూర్చుంది. డ్యూటీలో నన్ను పేరుపెట్టి పిలిచే పిల్ల, "ఆంటీ, లాస్ట్ రౌండ్ నేనే చేసిన. నా రిజిస్ట్రేషన్ పోతదా?" అని అడిగింది. నర్సు లైసెన్సు ఎక్కడికీ పోదని చెప్పాను. అది ఎవరు ఏం రాస్తారన్న దానిమీద ఆధారపడి ఉందని నాకు తెలుసు.

ఏ చిన్న ప్రమాదం జరిగినా ఆరోజే ఘటన నివేదిక రాయాలి. అందులో ఏం జరిగింది అన్నదానికి ఒక గడి, దోహదం చేసిన కారణాలకు ఇంకొకటి. మొదటి గడి తేలిక. రెండో దాంట్లో "రోగి స్వయంగా చేతిమీద దుప్పటి కప్పుకున్నాడు" అని రాసి ఆపితే ఎవరూ ఏమీ అడగరు. అది అబద్ధం కూడా కాదు. దుప్పటి లాక్కున్నప్పుడే టేపు లేచి ఉంటుంది. పెన్ను పక్కన పెట్టాను. తర్వాత లేచి డెస్క్ నుంచి కెవిన్ కుర్చీదాకా అడుగులు లెక్కపెట్టాను. పన్నెండు. ఆ పన్నెండూ నేను ఎదురు దిక్కుకు నడిచినవి.

రోగిని రెండో కుర్చీ నుంచి తొమ్మిదికి మార్చింది నేను అని రాశాను. ఆ కుర్చీకి గాలి తగులుతుందని, పక్కన మేలుకుని ఉండే రోగి లేడని నాకు ముందే తెలుసని రాశాను. తొమ్మిదిన్నర రౌండ్ పద్ధతి ప్రకారమే జరిగిందని రాశాను. ప్రమాదాన్ని మొదట గమనించింది నర్సు కాదు, ఒకటో కుర్చీ రోగి. అతను చెప్పబోతుంటే నేను తిట్టడానికి వెళ్ళాను. అది కూడా రాశాను. విచారణ జరిగింది. స్వాతిని ఏమీ అనలేదు. నన్ను మూడు నెలలు పర్యవేక్షణలో పెట్టారు. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత నాకంటే చిన్నది నా పక్కన నిలబడి నా రౌండ్లు చూస్తుంటే సిగ్గనిపించింది. కాదనను.

కెవిన్‌ని అడిగాను, నేను వద్దన్నాక ఆరోజు ఎందుకు అరిచావని. దుప్పటి పైకి లాక్కోవడం అంత దూరం నుంచీ చూశాడట, ఆ తర్వాత అప్పల తల కదలలేదట. నర్సుని పిలిస్తే నిద్రపోతున్నాడంటారు, అందుకని ఆ మాట విసిరి చూశానన్నాడు. "రైలు నడిపినన్నాళ్ళూ సిగ్నల్ పడకపోతే ఆగేవాణ్ణి" అని మాత్రం అన్నాడు. నేను క్షమాపణ చెప్పాను. తల ఊపాడు.

అప్పలసామి గారు తొమ్మిది రోజులకు తిరిగొచ్చారు. అప్పటికి సీజన్ మొదలైంది. ఆయన సంచీ పట్టుకుని తొమ్మిదో కుర్చీవైపే నడుస్తుంటే ఆపి, రెండో కుర్చీ చూపించాను. అంతకుముందే టీచరమ్మతో మాట్లాడి, ఆవిడ కోరితేనే ఏడో కుర్చీకి మార్చాను. ఆయన కూర్చున్నారు. సూదులు నేనే పెట్టాను, టేపు రెండుసార్లు వేశాను. తప్పు నాదే అన్నాను. "తెలుసునమ్మా. కెవిన్ సెప్పాడు" అన్నారు. అంతే. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. పక్కనుంచి కెవిన్ ఆ పిచర్ మోచెయ్యి సంగతి ఎత్తాడు. ఆయన అటు తిరిగి మొదలుపెట్టారు.

ఆరోజు ఆయన కేర్ ప్లాన్‌లో, అంటే రోగికి ఏం చెయ్యాలో రాసే కాగితంలో, ఒక వరుస చేర్చాను. "కెవిన్ పక్కనే కూర్చోబెట్టాలి. న్యూయార్క్ జట్టు గెలవదని అనాలి. జవాబు రాకపోతే వెంటనే చెయ్యి చూడాలి." పైవాళ్ళు దాన్ని చూసి నవ్వారు గానీ కొట్టెయ్యలేదు.

2018లో రిటైరయ్యేదాకా కొత్త నర్సులకు రౌండులో నాలుగు చూడమని చెప్పేదాన్ని. సూది, టేపు, బీపీ. నాలుగోది, ఆ మనిషి రోజూ మాట్లాడే మాట ఈరోజూ మాట్లాడుతున్నాడా అన్నది. మొదటి మూడూ చార్టులో ఉంటాయి. నాలుగోది నా యూనిట్‌లో రోజూ ఉదయం హాలంతా వినపడుతూ ఉండేది, నేను దాన్ని గోల అనుకుని ఆపించాను.