బావ పీకిన సపోర్టు

మా అక్క మొగుడు బొగ్గు బాయిలో సపోర్టు పని చేసి రిటైరయ్యాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, అక్కడి బొగ్గంతా తీశాక ఆ దుంగల్ని పీకేయడం ఆయన పని. రిటైరయ్యాక గోదావరిఖనిలోని నా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు మీద పడ్డాడు. చేతులు ఊరుకోవు కదా!

తెల్లారితే ఆయన కూతురి పెళ్లి. పెళ్లి జాకెట్‌కు ఒక చెయ్యి కుట్టడం అయింది. రెండో చేతికి అదే డిజైన్‌ను అద్దంలో బొమ్మలా తిప్పి మెషీన్‌కు పంపాలి. అన్నం తినొచ్చి డిజైన్ ప్రోగ్రాము తెరిస్తే తెరుచుకోదు. ఏదో ఫైలు లేదంటుంది.

"బావా, దేన్ని ముట్టినవ్?"

"పెళ్లికార్డుల ప్రోగ్రాం తీసేసిన. కార్డులు పంచుడు అయిపాయె, ఇంక గదెందుకు? కంప్యూటర్ మెల్లగ నడుస్తున్నదని నువ్వే మొత్తుకుంటివి గదా!"

తీసేటప్పుడు కంప్యూటర్ అడిగిందట, ఈ ఫైళ్లను వేరే ప్రోగ్రాములు కూడా వాడుతుండొచ్చు, తీసెయ్యమంటారా అని. మహానుభావుడు అన్నిటికీ ఎస్ కొట్టాడు.

వాటిని షేర్డ్ లైబ్రరీలంటారు. కాలనీలో నాలుగు క్వార్టర్లకు కలిపి ఒకే నల్లా ఉన్నట్టు, నాలుగు ప్రోగ్రాములకు ఒకే ఫైలు. ఒకరు ఇల్లు ఖాళీ చేశారని నల్లా పీకేస్తే మిగిలినవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడాలి. నా డిజైన్ ప్రోగ్రాము అట్లాగే నిలబడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ బిడ్డను ఒంటిచేతి జాకెట్‌తోని పీటల మీద కూసోబెడ్తవా? మా అక్కకు ఏం చెప్తవో చెప్పుకో, పో!"

బావ మొహం మాడిపోయింది. స్టూలు మీద కూలబడ్డాడు.

"బాయిల అయితే సపోర్టు పీకేముందు కప్పు ఆగుతదా కూలుతదా అని కొట్టి చప్పుడు వింటం మరదలా. ఈ కంప్యూటర్‌ల అయితే చప్పుడే రాకపాయె."

ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. అయినా కోపం దిగకుండానే సొరుగులన్నీ బోర్లించి కార్డుల ప్రోగ్రాము సీడీ వెతికి మళ్లీ ఎక్కించాను. దాంతోపాటే ఆ ఫైలూ వచ్చింది, డిజైన్ తెరుచుకుంది. రెండో చెయ్యి పూర్తయ్యేదాకా బావ మెషీన్ పక్కనుంచి లేవలేదు, చాయ్ కూడా ముట్టలేదు.

మర్నాడు పిల్ల పీటల మీద కూర్చుంటే అందరూ మొహం చూశారు. బావ మాత్రం కుడిచేయి, ఎడమచేయి మార్చి మార్చి చూసి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ వారమే షాపు కంప్యూటర్‌లోంచి ఏదో పాత ఫొటో తీసేయబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జర ఆగు మరదలా. దాని కింద ఎవలన్న ఉన్నరేమో చూసినవా?"