నా కూతురి బొమ్మ మీద కాటుక

నిన్న సాయంత్రం మనవరాలు నన్ను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మమ్మా, డోంట్ మూవ్ లా! ఫైవ్ మినిట్స్ ఓన్లీ" అని ఇక్కడి పిల్లల యాసలో గదిమి పెన్సిల్ అందుకుంది. కాలేజీలో ముసలివాళ్ళ ముఖాలు గీసుకురమ్మన్నారట. ఐదు నిమిషాలు కాస్తా అరగంట అయింది. కదలకుండా కూర్చోమంటే ఒళ్ళు కూర్చుంటుంది గాని మనసు కూర్చోదు. అది తలెత్తి నన్ను చూసి మళ్ళీ కాగితం మీదికి వంగినప్పుడల్లా, అది పుట్టకముందు మా ఎదురు ఫ్లాటులో ఉన్న ఒకావిడ గుర్తుకొచ్చింది. ఆవిడ చూపూ అచ్చం ఇలాగే ఉండేది. ఆ చూపంటే నాకు భయం.

అప్పుడు మేము ఈ పరాయి దేశంలోనే సెంగ్‌కాంగ్ అనే పేటలో ఉండేవాళ్ళం. కంప్యూటర్లు చదువుకున్న మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులు. ఏ బ్లాకు కింద నిలబడ్డా ఏదో ఒక అంతస్తు నుంచి పోపు వాసన వచ్చేది. కూతురికి ఏడో నెల రాగానే పురుడు పోయడానికి నేను వచ్చాను. అంతకుముందు రెండుసార్లు దాని కడుపు నిలవలేదు. అందుకని కాటుక బరిణె, శొంఠి, వాము, పాత చీరల మెత్తటి గుడ్డలు, వీటితోపాటు లోకంలో ఉన్న అనుమానాలన్నీ మూటగట్టుకుని దిగాను. పొద్దున్నే కూతురూ అల్లుడూ రైలెక్కి ఆఫీసులకు పోతే, సాయంత్రందాకా ఇనుప గేటు వెనక కూర్చుని కారిడార్‌ను కాపలా కాయడమే నా ఉద్యోగం. అప్పటికి నాకు చదవడం రాదు, టీవీలో మాటలు అర్థం కావు. ఎదురింటి తలుపే నా టీవీ.

ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉండేది. లోపల భారీ మనిషి, ఒత్తైన జుట్టు ముడి, చెవి వెనక ఒక పువ్వు. పొద్దస్తమానం బొమ్మలు గీస్తూ కనబడేది. ఒకరోజు కుండీలకు నీళ్ళు పోయడానికి గొంతుక్కూర్చుంటే పావడా పైకి జరిగి, మోకాళ్ళ మీద సన్నటి నల్ల గీతలు, చుక్కలు కనబడ్డాయి. పచ్చబొట్టు నేనెరుగనిదా? మా అమ్మ మోచేతిదాకా పొడిపించుకుంది. కానీ నలుగురికీ కనబడే చేతులు వదిలేసి, దాచుకునే కాళ్ళ మీద పొడిపించుకునేది మంత్రాలు తెలిసినవాళ్ళేనని తేల్చేశాను. ఇలాంటివి తేల్చడానికి నాకు సాక్ష్యాలతో పెద్దగా పని ఉండేది కాదు.

అంతలో కూతురు ఇంటికి రావడం ఆలస్యం కాసాగింది. వచ్చినా ఒంటి మీద ఏదో రంగుల వాసన.

"ఎక్కడికెళ్ళావే?"

"ఎదురింటి ఆంటీ దగ్గరికమ్మా. నా బొమ్మ గీస్తోంది. ఊరికే కూర్చుంటే చాలు, ఆఫీసు టెన్షన్ అంతా పోతోంది."

కడుపుతో ఉన్న మనిషిని ఫొటో కూడా తీయకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు. ఈవిడేమో రోజూ కళ్ళార్పకుండా చూసి, పొట్టతో సహా గీస్తోందట.

"ఆవిడ సంగతి నీకేం తెలుసే? ఏ ఊరు, ఏ దేశం?"

"వాళ్ళమ్మది సమోవా అమ్మా. సముద్రం మధ్యలో దీవులు. అక్కడ ఆడవాళ్ళు చెట్టు బెరడు దంచి గుడ్డలా చేసి, దాని మీద డిజైన్లు వేస్తారట. ఆంటీ ఆ డిజైన్లు పెట్టి ఆడవాళ్ళ బతుకులు గీస్తుంది. నాలాంటివాళ్ళవి."

"నీలాంటివాళ్ళంటే?"

"రెండు పోగొట్టుకున్నవాళ్ళు" అంది.

ఆ మాట నా దగ్గర ఎన్నడూ అనలేదు. ఎదురింట్లో అంది. ఆవిడ మీద నాకు అదొక కొత్త అనుమానమై కూర్చుంది.

బొమ్మ పూర్తయ్యాక ఆరడానికి ఆవిడ కారిడార్‌లో గోడకు ఆనించింది. మర్నాడు ప్రదర్శనకు పోతుందని కూతురు చెప్పింది. మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి వెళ్ళాను. నా కూతురే. గోధుమరంగు బెరడు గుడ్డ చుట్టుకుని, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని నిలబడింది. వెనక ఒకామె బెరడు దంచుతోంది, ఒకామె చాప అల్లుతోంది, ఇంకొకామె గుడ్డ కొస పట్టుకుని నా కూతురి భుజం మీదికి లాగుతోంది. బొమ్మ అంత బాగా ఉండడమే నన్ను హడలగొట్టింది. ఎంతమంది చూస్తారు! ఎన్ని కళ్ళు పడతాయి ఆ పొట్ట మీద! గబగబా లోపలికి వెళ్ళి బరిణె తెచ్చి, ఉంగరం వేలితో బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టేశాను. రంగు ఇంకా పచ్చిగా ఉందని వేలు దిగబడ్డాక తెలిసింది. నల్లటి గుంట, అందులో గీతలతో సహా నా వేలిముద్ర.

సాయంత్రం ఆవిడ మా గేటు ముందు నిలబడింది. ముఖంలో నవ్వు లేదు.

"అమ్మా, నువ్వేనా?" అంది కూతురు.

"నాకేం పని? ఇక్కడ పిల్లులు తిరుగుతుంటాయి."

"పిల్లులు కాటుక పెడతాయా? ఏదీ, వేలు చూపించు."

చూపించక తప్పలేదు. కూతురు సిగ్గుతో తలొంచుకుని ఆవిడకు ఇంగ్లీషులో దిష్టి సంగతి చెప్పుకొచ్చింది. ఆవిడ లోపలికి వచ్చి నా పక్కనే నేల మీద చతికిలబడి, పావడా అంచు మోకాలి మీదికి జరిపి, గీతలు చూపిస్తూ నెమ్మదిగా మాట్లాడింది.

"ఆ పచ్చబొట్టు పేరుకే కాపాడడం అని అర్థమటమ్మా" అంది కూతురు. "పొడుస్తున్నంతసేపూ వాళ్ళ అమ్మమ్మ ఈవిడ చెయ్యి పట్టుకుని కూర్చుందట. నీ చుక్క ఉండనీ, చెరపనంటోంది."

బొమ్మ ఆ చుక్కతోనే ప్రదర్శనకు పోయింది.

నెలలు నిండి పిల్ల క్షేమంగా పుట్టింది. ఆసుపత్రి దద్దరిల్లేలా ఏడ్చింది. ఇక నా అనుమానం తీరాలి కదా, తీరలేదు. నెల తిరక్కుండానే ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతూ మా ఇంటికొచ్చింది. కూతురు మంచి నిద్రలో ఉంది. ఆవిడ పసిదాన్ని చూసి, నా చేతిలో ఒక కాగితం పెట్టి, కూతురి గది వైపు వేలు చూపించి వెళ్ళింది. కాగితం పైభాగాన చిన్న పాదం బొమ్మ, కింద నాలుగు వరసల అక్షరాలు. బొమ్మను నమ్మాను. అక్షరాలను నమ్మలేకపోయాను. పురిటి పిల్ల ఉన్న ఇంట్లో ఏం రాసి పెట్టిందో ఎవరికి తెలుసు? మడతపెట్టి, లిఫ్టు పక్కన చెత్త వేసే గొట్టం మూత తీసి జారవిడిచాను. పన్నెండు అంతస్తులు కిందికి చప్పుడైనా లేకుండా పోయింది.

"మాట మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయింది ఆంటీ" అని కూతురు చాలాకాలం బాధపడింది. నేను నోరు విప్పలేదు. మనవరాలు బడిలో చేరాక దాని పక్కన కూర్చుని నేనూ దిద్దాను, ముందు మన అక్షరాలు, తరవాత ఇంగ్లీషువి. రైల్లో స్టేషన్ల పేర్లు నా అంతట నేను చదివిన రోజున ఇంటికొచ్చి కూతురికి నిజం చెప్పాను. అది తిడుతుందనుకున్నాను. "అడ్రసు అయ్యుంటుందమ్మా" అంది, అంతే.

ఇప్పుడు మందుసీసాల మీది సన్నటి రాత కూడా కూడబలుక్కుని చదువుతాను. అక్షరాలు నేర్చుకోవడానికి కాలం నాకు ఏళ్ళకు ఏళ్ళు ఇచ్చింది గాని, ఆ నాలుగు వరసలు చదువుకోవడానికి ఒక్క మధ్యాహ్నమైనా వెనక్కి ఇవ్వలేదు.