ఆడిషన్ ముందురోజు పాట్‌లక్

మా చిన్నప్పుడు... క్యారీ అనే ఊళ్ళో మా ఇంటి హాల్లో నేను చాప మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద లావుపాటి డిక్షనరీ పెట్టుకుని ఊపిరి పీలుస్తుంటే, అమ్మ వంటింట్లోంచి గరిటతో సహా వచ్చి చూసేది. "ట్రంపెట్ క్లాస్‌కి పంపిస్తే ఇదేం యోగాసనమే తల్లీ!" అని.

అది మా డాసన్ సార్ పద్ధతి. ఎన్నో ఏళ్ళు బ్యాండ్లలో ట్రంపెట్ వాయించి, రిటైరయ్యాక తన గరాజ్‌లో పిల్లలకి నేర్పే పెద్దాయన. పొట్ట మీద పుస్తకం పైకి లేస్తేనే ఊపిరి సరిగ్గా లోపలికి వెళ్ళినట్టు. తర్వాత ఒట్టి మౌత్‌పీస్... అదే, పెదవులకి ఆనించే చిన్న ముక్క... దాంతో కందిరీగలా జుంయ్ మనిపించాలి. ఆ తర్వాతే ట్రంపెట్. అదీ ఒకే ఒక్క స్వరం, మెల్లగా, ఊపిరి అయిపోయేదాకా.

"పక్కగదిలో పసిపాప పడుకుందనుకో. లేపావో, మళ్ళీ మొదటికే!" అనేవారు. ఎంతసేపు వాయిస్తే అంతసేపు ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవాలి. పెదవులకి విశ్రాంతి.

నాన్నకి ఇదంతా ఒళ్ళుమంట. "ఊరికే కూర్చోవడం ఇంట్లో చేతకాకనా, అక్కడిదాకా డ్రైవ్ చేసేది?"

ఇంతలో, అన్ని స్కూళ్ళ నుంచీ బాగా వాయించే పిల్లల్ని ఎంచే డిస్ట్రిక్ట్ బ్యాండ్ ఆడిషన్ దగ్గరపడింది. నాన్న తేల్చి చెప్పేశారు. "సెలెక్ట్ అయితే ఓకే. లేకపోతే ట్రంపెట్ షాప్‌లో రిటర్న్ చేసేసి మ్యాథ్ క్లాస్‌లో జాయిన్ అవుతున్నావ్." అద్దె ట్రంపెట్ మరి. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. స్కూల్లో ఉన్నా, బస్సులో ఉన్నా ఒకటే ఆలోచన... దాన్ని తీసుకెళ్ళిపోతారేమో అని.

చివరి క్లాస్‌లో డాసన్ సార్ గట్టిగా చెప్పింది ఒక్కటే. "ముందురోజు ట్రంపెట్ ముట్టుకోకు. రేపటి పెదవుల్ని ఇవాళే వాడేయకు."

సరిగ్గా ఆ ముందురోజు సాయంత్రమే మా ఇంట్లో పాట్‌లక్... తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే విందు!

ఆ పొద్దున పూజ సామాన్లు తోముతూ, ఇదీ ఇత్తడే కదా అని అమ్మ ట్రంపెట్‌కి చింతపండు పట్టించబోతే లాక్కుని పరిగెత్తాను. గండం గడిచిందనుకున్నాను. పిచ్చిదాన్ని... అసలు గండం పులిహోర డబ్బాలతో సాయంత్రం వచ్చింది.

మన ఇళ్ళ సంగతి తెలిసిందేగా. ఇంటికి నలుగురు వస్తే పిల్లలు ఏదో ఒకటి చేసి చూపించాల్సిందే.

"ఏదీ, ఒక్కసారి తెచ్చి వాయించు బంగారం" అంది అమ్మ.

"అమ్మా, సార్ వద్దన్నారు..."

"ఒక్కసారికి ఏమైపోతుందే? అంకుల్ వాళ్ళు అడుగుతుంటే వాయించకపోతే బాగుండదు."

వాయించాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో ఇంకో కుటుంబం వచ్చింది. వాళ్ళ కోసం మళ్ళీ. మూర్తి అంకుల్ చేతిలో మిర్చిబజ్జీతో, "కొంచెం గట్టిగా వాయించమ్మా, బయట డెక్ మీద కూర్చున్న వాళ్ళకి వినపడట్లేదు!" అన్నారు. ఒక ఆంటీకి పాత సినిమా పాట కావాలట. అమ్మ మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూసి ఆపలేకపోయాను. పైపెదవి మండిపోతున్నా ఊదుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున లేచి చూసుకుంటే పెదవి బూరెలా ఉబ్బింది! మౌత్‌పీస్ పెట్టి ఊదితే ఒట్టి గాలి. కారులో అమ్మ రుమాల్లో ఐసు చుట్టి ఇచ్చింది.

ఆడిషన్ జరిగే స్కూల్ కారిడార్‌లో డాసన్ సార్ నా పెదవి చూశారు. "ఎవరు వాయించమన్నారు?" అన్నారు. అమ్మే ముందుకొచ్చింది. "ఐ, సార్... ఐ టోల్డ్ హర్. గెస్ట్స్ కేమ్."

ఆయన పడుకో అన్నట్టు నేల చూపించారు. అంతమంది పిల్లల మధ్య! అమ్మ గబగబా చున్నీ తీసి పరిచింది. డిక్షనరీ లేదుగా, తన హ్యాండ్‌బ్యాగ్ నా పొట్ట మీద పెట్టింది. బ్యాగ్ లేచి దిగుతుంటే అమ్మ కళ్ళార్పకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

లోపల జడ్జిల ముందు, సార్ చెప్పిన ఆ పసిపాపని లేపకుండా మెల్లగా వాయించాను. పై స్వరం రాలేదు. బలవంతం చేయలేదు... ఊపిరి తీసుకుని మిగతాది వాయించి వచ్చేశాను.

సెలెక్ట్ కాలేదు.

నాన్న కార్ కీస్ తీశారు. అమ్మ ట్రంపెట్ కేస్ రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "అది ఓడిపోలేదండీ. నేను చెడగొట్టాను. ఇది ఇంట్లోంచి కదలదు." నాన్న కీస్ మళ్ళీ కొక్కేనికి తగిలించేశారు.

ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా అమ్మది ఒకటే జవాబు. "ఇవాళ దాని పెదవులకి రెస్ట్ అండీ!"

ఇప్పుడు మా అబ్బాయీ ట్రంపెట్ నేర్చుకుంటున్నాడు. శబ్దం బయటికి రాకుండా ఏదో బిగించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తలుపేసుకుని ప్రాక్టీస్ చేస్తాడు. ఇంటికొచ్చిన వాళ్ళూ వాయించమని అడగరు. ఎవరి ఫోన్ వాళ్ళది. హమ్మయ్య అనుకోవాలి కదా... అనుకోలేకపోతున్నాను.

మొన్న అమ్మ మా ఇంట్లో గోంగూర ఒలుస్తూ ఆ మూసిన తలుపు వైపే చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు. ఆ పాట్‌లక్ తర్వాత ఇన్నేళ్ళలో అమ్మ నన్ను ఒక్కసారి కూడా "వాయించు" అనలేదు. లేచి వెళ్ళి నా ట్రంపెట్ తెచ్చుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను.

అమ్మ చేతిలో గోంగూర కాడ అలాగే ఆగిపోయింది. "ఆగవే... రేపు నీకేం ఆడిషన్ లేదుగా?" అంది.

మీ ఇంట్లో చుట్టాల ముందు మీచేత ఏం చేయించేవాళ్ళు? ఇప్పుడు అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా... చెప్పండి.