నాయనకు ఒళ్లు వచ్చిన ఏడు

పోయిన వారం మా మనవరాలు ఆస్పత్రి నుంచి వచ్చి, డాక్టరు చెప్పిన సంగతులు వాళ్లమ్మకు ఒక్కొక్కటే అప్పజెప్తూ ఉంటే, పక్క గదిలో కందిపప్పు ఏరుతూ విన్నాను. తిన్నది పుల్లగా గొంతులోకి ఎగదన్నే జబ్బు కనుక ఒకేసారి కడుపు నిండా తినకూడదట, కొంచెం కొంచెంగా ఆరు సార్లు తినాలట, తిన్న వెంటనే వంగకూడదట, పడుకోకూడదట, కారం పులుపు తగ్గించి మెత్తగా, బలమైనవి తింటే మంటా తగ్గుతుంది, ఒళ్లూ వస్తుందట. అందులో నాకు కొత్త మాట ఒక్కటీ లేదు. 1961లో అనంతపురంలో ఒక డాక్టరు మా నాయనకు దాదాపు ఇదే వరుసలో చెబుతుంటే, అమ్మ కొంగు పట్టుకుని నిలబడి విన్నాను. అప్పుడు నాకు పదేళ్లు, అక్కకు పదహారు.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. గుంత మగ్గం చూసినవాళ్లకు తెలుస్తుంది, కాళ్లు గుంతలో పెట్టి కూర్చుంటే నేసిన బట్ట చుట్టుకునే కర్ర సరిగ్గా పొట్టకు ఆనుతుంది, పొద్దున నుంచి పొద్దు గూకేదాకా దాని మీదికి వంగే పని. పొద్దున్నే ఇంత సంకటి ముద్ద, ఊరుబిండి అనే ఎర్రటి కారపు పచ్చడి నంజుకుని, చెయ్యి కడుక్కుని నేరుగా గుంతలో దిగడం మా వీధిలో అందరి మగవాళ్లకూ అలవాటే. తిన్నాక కూర్చుంటే సోమరి అనేవారు. నాయనకు అది సరిపడలేదు. పులితేన్పులు, ఎదలో మంట, తింటే మంట అని తినడం మానేస్తే నీరసం, ఇట్లా రెండేళ్లలో మనిషి పుల్లలా అయిపోయాడు. నలభై ఒక్క కిలోలు ఉన్నాడని చెప్పి, ఒళ్లు రాకపోతే ఈ మనిషి మీకు మిగలడని డాక్టరు అమ్మతో దాపరికం లేకుండా అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇల్లు నాయన కడుపు చుట్టూ తిరిగింది. తెల్లవారగానే పులియని రాగి అంబలి, పాలు, కొంతసేపటికి అరటిపండు, మధ్యాహ్నం మెత్తటి అన్నం, పెసరపప్పు, నెయ్యి, సాయంత్రం ఉడకబెట్టిన చెనిక్కాయలు బెల్లంతో నూరిన ముద్ద, దీపాలు పెట్టే లోపల చివరి తిండి. తలవైపు చాప కింద అమ్మ రెండు ఇటుకలు పెట్టింది. తిన్న ప్రతిసారీ గంటసేపు గోడకు ఆనుకుని నిటారుగా కూర్చోవాలి. మా జేజికి, నాయన తల్లికి, ఇదంతా వింత. "ఏమిరా, బాలింతరాలివా ఏమి, గడియకొకసారి తింటాండావు!" అనేది. ఎదురింటి మామ వాకిట్లో నిలబడి, "ఏమప్పా, గుంత ఎక్కేదే గాని దిగేది లేదే!" అని ఎగతాళి చేసేవాడు. నాయన తల వంచుకుని నమిలేవాడు. ఒప్పుకున్న చీర గడువుకు దిగకపోతే షావుకారు దగ్గర మరుసటి చీరకు పట్టు చేతికి రాదని ఆయనకు తెలుసు.

అప్పుడు అక్క గుంతలో దిగింది. కండెలు చుడుతూ, నాయన చేతుల్ని చూస్తూ పెరిగిన పిల్లకు ఎవరూ నేర్పకుండానే నేత వచ్చేసింది. "నువ్వు తిని కూచో నాయనా, పోగులు నాకు తెలుసులే," అంది. నాయన లేచిన ప్రతిసారీ అక్క కూర్చునేది, ఆయన వచ్చినా ఒక్కోసారి లేచేది కాదు. ఆ ఏడు వానలు పడలేదు, గడ్డి లేక ఎనుము ఇచ్చే పాలు ఒక చెంబుకు పడిపోయాయి, ఆ చెంబు నాయనది. ఆడవాళ్లు చివర తినడం మా ఇంట్లో ఎవరూ పెట్టిన నియమం కాదు, అట్లా జరిగిపోయేది అంతే. అందరిదీ అయ్యాక అడుగున మిగిలిన సంకటి, ఊరుబిండి నాలుగు ముద్దలు మింగి అక్క మళ్లీ గుంతలోకి పోయేది.

ప్రతి ఆదివారం నాయన్ని రైల్వే స్టేషన్లో పార్సిళ్లు తూచే కాటా మీద నిలబెట్టేవాళ్లం. కిలోలు కొత్తగా వచ్చిన కాలం, "అదంతా వద్దు, శేర్లలో చెప్పండి," అనేది జేజి, లెక్క కట్టి చెప్పడం నా పని. దసరాకు నలభై నాలుగు. శివరాత్రికి నలభై ఎనిమిది. ఆ రోజు అమ్మ ప్లాట్‌ఫారం మీదే ఏడ్చింది, జేజి ఇంటికొచ్చి నాయనకు దిష్టి తీసింది.

అక్క రవికలకు పక్క కుట్లు వేసుకుంటూ ఉంటే ఎదిగే పిల్ల సన్నబడుతుందిలే అనుకుంది అమ్మ. కొంగున వాము కట్టుకుని నములుతూ ఉంటే అది దాని అలవాటనుకున్నాం. ఒకసారి జేజి మాత్రం, "ఏమే, గాలికి పోయేటట్టుండావే," అంటే, "నాకేమైతాది జేజీ, రాయి తిని అరగబెట్టుకుంటా," అని నవ్వింది.

ఉగాది పోయిన వారం, మధ్యాహ్నం. నాయన తిని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మగ్గం చప్పుడు ఆగింది. చూస్తే అక్క నేత మీదికి బాగా వంగి ఉంది. తెగిన పోగు అతుకుతోందనుకున్నాం. "చూడు పాపా, మీ అక్క ఎంత ఒద్దికగా అతుకుతాందో," అన్నాడు నాయన నాతో, గర్వంగా. చాలాసేపటికి కూడా అక్క తల ఎత్తలేదు.

అనంతపురంలో అదే డాక్టరు. నాయన్ని గుర్తుపట్టి, బాగా ఒళ్లు చేసినావే అని సంతోషపడ్డాడు. తర్వాత అక్క పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాడు. కడుపులో పుండు పడి చిల్లిపడిందన్నాడు. ముప్పై మూడు కిలోలుంది, ముందు ఎంత ఉండేది అని అడిగాడు. నాయన ప్రతి ఆదివారం బరువూ నాకు కంఠతా వచ్చు. అమ్మ నా వైపు చూసింది, నేను నాయన వైపు చూశాను. "దాన్ని ఎప్పుడూ తూచలేదయ్యా," అన్నాడు నాయన. మూడో రోజు అక్క పోయింది.

నాయన డెబ్బై ఎనిమిదేళ్లు బతికాడు. డాక్టరు చెప్పిన తిండి చివరిదాకా తప్పలేదు, తప్పితే అక్క చేసిన పని వృథా అవుతుందని. కానీ నెయ్యి వేసిన అన్నం ముందు ఆయన ముఖం సంతోషంగా ఉండడం నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ధర్మవరంలో చాలా గుంతలు పూడ్చేశారు, మగ్గాలు కరెంటుతో ఆడుతున్నాయి. మా ఇళ్లల్లో ఆడపిల్లలు ఆకలైనప్పుడు పళ్లెం పెట్టుకుని అందరికన్నా ముందు తింటారు, ఒంట్లో బాగాలేకపోతే గట్టిగా చెబుతారు, ఎవరూ తప్పు పట్టరు. మా కాలంలో ఒక ఇంట్లో ఒక్కరి జబ్బుకే చోటుండేది. నా ఈడు వాళ్లలో చాలామందికి ఇట్లాంటి అక్క ఒకతె ఉండే ఉంటుంది. నేను పెద్దదాన్నయి, పిల్లల్ని కని, ఒళ్లు చేసి, ముసలిదాన్నయ్యాను. అక్క బుగ్గలు నిండితే ఎట్లా ఉండేదో ఊహించుకోవాలని ఎన్నోసార్లు కూర్చుంటాను. ఎంత కూర్చున్నా ఆ ముఖం నాకు కనబడదు.